ఎల్ఐసీ క్రెడిట్ కార్డా, క్యాష్‌బ్యాక్ కార్డా, అసలు కార్డే వద్దా? ప్రీమియం కట్టేవారికి లెక్కలు

ప్రీమియం గడువు దగ్గరపడగానే చాలామందికి తట్టే ఆలోచన ఒకటే. ఎలాగూ కట్టక తప్పని డబ్బు కదా, పాయింట్లు వచ్చే కార్డుతో కడితే పోలా? ఏజెంటు కూడా "మన ఎల్ఐసీ కార్డే ఉంది సార్, ఫీజు లేదు, ప్రీమియం మీద డబుల్ పాయింట్లు" అంటాడు. ఆ మాటలో అబద్ధం లేదు. కాకపోతే ఎంతకు డబుల్ అన్నది అందులో ఉండదు. ఆ ఒక్క ముక్క తేలితే కార్డు తీసుకోవాలో వద్దో దానంతటదే తేలిపోతుంది.

కింది లెక్కలన్నీ ఏడాదికి రూ.60,000 ప్రీమియం మీద వేసినవి. మీది రూ.30,000 అయితే సగం చేసుకోండి, లక్షా ఇరవై వేలైతే రెట్టింపు.

## పేరు ఎల్ఐసీది, అప్పు బ్యాంకుది

ఎల్ఐసీ స్వయంగా క్రెడిట్ కార్డు ఇవ్వదు. 2008లో ఏర్పాటైన ఎల్ఐసీ కార్డ్స్ సర్వీసెస్ అనే అనుబంధ సంస్థ బ్యాంకులతో ఒప్పందం చేసుకుంటుంది, కార్డు ఇచ్చేది ఆ బ్యాంకు. యాక్సిస్ బ్యాంకుతో ప్లాటినం, సిగ్నేచర్ కార్డులు ఉన్నాయి. ఐడీబీఐ బ్యాంకుతో కలిసి 2021 జనవరిలో ల్యూమిన్, ఎక్లా అనే రూపే కార్డులు తెచ్చారు. 2023 డిసెంబర్‌లో ఐడీఎఫ్‌సీ ఫస్ట్ బ్యాంకు, మాస్టర్‌కార్డ్‌లతో క్లాసిక్, సెలెక్ట్ కార్డులు వచ్చాయి.

కాబట్టి కార్డు ఇవ్వాలా వద్దా, లిమిట్ ఎంత, వడ్డీ ఎంత, పాయింటు విలువ ఎంత అన్నవన్నీ బ్యాంకే నిర్ణయిస్తుంది. ఇరవై ఏళ్లుగా పాలసీ కడుతున్నా, అప్పులు సరిగా తీర్చారో లేదో చెప్పే సిబిల్ స్కోరు బాగోలేకపోతే దరఖాస్తు తిరిగొస్తుంది. పాయింట్లు పడకపోతే ఎల్ఐసీ బ్రాంచికి వెళ్లి ప్రయోజనం ఉండదు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ పోర్టల్‌కు వెళ్లవచ్చు.

పాలసీకీ కార్డుకీ ముడి లేదు. కార్డు మూసేసినా పాలసీకి ఏమీ కాదు. పాలసీ కావాలంటే కార్డు తీసుకోవాల్సిందే అని ఎవరైనా అంటే అది అమ్మకం మాట మాత్రమే.

## దేన్ని చూసి తేల్చుకోవాలి

అసలు బీమా మీద పాయింట్లు వస్తాయా? మొదట చూడాల్సింది ఇదే, చాలామంది చివరికి చూసేది కూడా ఇదే. మామూలు దుకాణాలతో పోలిస్తే బీమా చెల్లింపులపై కార్డు బ్యాంకుకు వచ్చే ఆదాయం తక్కువ. బిల్లు మొత్తమేమో పెద్దది. అందుకే కొన్నేళ్లుగా బ్యాంకులు ఒక్కొక్కటిగా ఈ వర్గాన్ని తప్పిస్తున్నాయి. ఆన్‌లైన్ ఖర్చుపై 5 శాతం ఇచ్చే ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు బీమాపై ఏమీ ఇవ్వదు. యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ కార్డు 2024 ఏప్రిల్ 20 నుంచి బీమాను మినహాయించింది. ఐసీఐసీఐ 2024 నవంబర్ 15 నుంచి బీమా ఖర్చుకు పరిమితి పెట్టింది: చాలా కార్డుల్లో నెలకు రూ.40,000 వరకు, కొన్ని పై తరగతి కార్డుల్లో రూ.80,000 వరకు మాత్రమే పాయింట్లు. అరవై వేలు ఒకేసారి గీకితే రూ.40,000 పరిమితి ఉన్న కార్డులో చివరి ఇరవై వేలకు సున్నా.

పాయింటు ఎన్ని పైసలు? వందకు రెండు పాయింట్లు అంటే రెండు రూపాయలు కాదు. బ్యాంకును బట్టి, దేనికి మార్చుకుంటున్నారన్న దాన్ని బట్టి పాయింటు విలువ మారుతుంది. స్టేట్‌మెంట్‌లో డబ్బుగా జమ చేసుకుంటే ఎంత వస్తుందో అదే అసలు విలువ అనుకోండి. క్యాటలాగ్‌లో మిక్సీ, ట్రాలీ బ్యాగులకు చూపే విలువను పట్టించుకోవద్దు. అదే వస్తువు బజారులో ఎంతకు దొరుకుతుందో చూస్తే తేడా తెలుస్తుంది.

మార్చుకోవడానికి ఎంత కట్టాలి? చాలా బ్యాంకులు పాయింట్లు వాడుకునే ప్రతిసారీ రూ.99 తీసుకుంటాయి. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.116.82. చిన్న ప్రీమియాలు కట్టేవారి పాయింట్లన్నీ ఇక్కడే హరించుకుపోతాయి.

గడువు ఎంత? ఏడాదికి ఒక్కసారే వాడే కార్డులో పాయింట్లు నెమ్మదిగా పోగవుతాయి. రెండు మూడేళ్లకు వాటి గడువు తీరిపోయేలా ఉంటే ఫీజు ఖర్చు తగ్గించుకోవడానికి కూడబెట్టే వీలు కూడా ఉండదు.

వార్షిక ఫీజు, వడ్డీ, విమానాశ్రయ లాంజ్, బీమా కవర్ లాంటివి వీటి తర్వాతి సంగతి.

## ఎవరు ఎంత ఇస్తారు

| కట్టే దారి | లెక్క | రూ.60,000పై వచ్చేది (మార్చుకునే ఫీజు తీయకముందు) |
|---|---|---|
| ఎల్ఐసీ యాక్సిస్ సిగ్నేచర్ | ప్రీమియంపై వందకు 2 పాయింట్లు, పాయింటు 20 పైసలు | రూ.240 |
| ఎల్ఐసీ ఐడీబీఐ ల్యూమిన్ | వందకు 3 పాయింట్లు, ప్రీమియంపై రెట్టింపు. మొత్తం 3,600 పాయింట్లు | పాయింటు 10 పైసలైతే రూ.360, 25 పైసలైతే రూ.900 |
| ఎల్ఐసీ ఐడీబీఐ ఎక్లా | వందకు 4 పాయింట్లు, ప్రీమియంపై రెట్టింపు. మొత్తం 4,800 పాయింట్లు | పాయింటు 10 పైసలైతే రూ.480, 25 పైసలైతే రూ.1,200 |
| బీమాను మినహాయించని 1 శాతం క్యాష్‌బ్యాక్ కార్డు | నేరుగా బిల్లులో తగ్గింపు | రూ.600 |
| బీమాను మినహాయించిన 5 శాతం కార్డు | వర్తించదు | 0 |
| యూపీఐ, నెట్ బ్యాంకింగ్, నాచ్ (ఖాతా నుంచి దానంతటదే వెళ్లే చెల్లింపు) | పాయింట్లు లేవు | 0 |

యాక్సిస్ సిగ్నేచర్ సంగతి చూడండి. ప్రీమియంపై, విదేశీ కరెన్సీ ఖర్చుపై వందకు 2 పాయింట్లు, మిగతా వాటిపై 1. అంటే ప్రీమియంపై 0.4 శాతం, కిరాణాపై 0.2 శాతం. డబుల్ అన్నది నిజమే, కానీ రెట్టింపు చేసింది 0.2ని. జాయినింగ్ ఫీజు, వార్షిక ఫీజు లేవు కాబట్టి నష్టం లేదు, అంతవరకే. పాత కార్డుల్లో వందకు ఒక రూపాయి వెనక్కిచ్చేది ఏదైనా ఉండి, దాని మినహాయింపుల జాబితాలో బీమా లేకపోతే, అది ఈ కార్డు కంటే రెండున్నర రెట్లు మేలు.

ఐడీబీఐ కార్డులకు పై పట్టికలో వేసినవి విడుదల సమయంలో ప్రకటించిన పాయింట్ల సంఖ్యలు. పాయింట్లు ఎక్కువగానే కనిపిస్తాయి. పాయింటు 25 పైసలైతే ఎక్లా రాబడి 2 శాతం, 10 పైసలైతే 0.8 శాతం. దరఖాస్తు చేసేముందు బ్యాంకు రివార్డుల పేజీలో నగదు జమ ధర చూసుకుని ఈ రెండు అంకెల మధ్య మీది ఎక్కడ పడుతుందో గుర్తించండి. ఇవి రూపే కార్డులు కావడం వల్ల ఇంకో సౌకర్యం ఉంది. యూపీఐ యాప్‌లో జతచేసి దుకాణాల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కట్టవచ్చు. ప్రీమియం ఒక్కదానికే కాకుండా నెలంతా కార్డు వాడేవారికి ఇది పనికొస్తుంది.

ఐడీఎఫ్‌సీ ఫస్ట్ కార్డుల్లో పాయింట్ల కంటే ఆసక్తికరమైనది వడ్డీ. ఏడాదికి 9 శాతం నుంచి మొదలవుతుందని ప్రకటించారు, మిగతా బ్యాంకులు నెలకే 3.75 శాతం దాకా వేస్తాయి. అయితే 'నుంచి' అన్న మాటను విడిచి చదవొద్దు. మీకు ఎంత వేస్తారన్నది మీ స్కోరును బట్టి బ్యాంకు నిర్ణయిస్తుంది, అది కార్డుతో పాటు వచ్చే స్వాగత పత్రంలో ఉంటుంది. ఈ కార్డులకూ జాయినింగ్, వార్షిక ఫీజులు లేవు.

ఒక తిరకాసు కూడా ఉంది. ఎల్ఐసీ పేరున్న కార్డుల్లో అదనపు పాయింట్లు ఎల్ఐసీ ప్రీమియంకే. మీ టర్మ్ పాలసీ ఒక ప్రైవేటు కంపెనీలో, ఆరోగ్య బీమా మరో కంపెనీలో, కారు బీమా ఇంకోచోట ఉంటే, ఆ ఖర్చంతా మామూలు రేటులోకే వెళ్తుంది, లేదా మినహాయింపులోకి. ఇంట్లో కట్టే బీమా మొత్తంలో ఎల్ఐసీ వాటా సగం కూడా లేనివారు ఎల్ఐసీ కార్డు కోసం దరఖాస్తు చేసుకోవడంలో అర్థం లేదు.

## కార్డు లేకుండానే వచ్చే తగ్గింపు

పాయింట్ల గోలలో పడి చాలామంది మరిచిపోయేది పాలసీ పత్రంలోనే ఉంటుంది. ఎల్ఐసీ ఎండోమెంట్ (బీమాతో పాటు పొదుపు ఉండే) తరహా పాలసీలు చాలావాటిలో ఏడాదికి ఒకసారి కడితే టాబ్యులర్ ప్రీమియంపై, అంటే పట్టికలోని మూల ప్రీమియంపై 2 శాతం, ఆరు నెలలకోసారి కడితే 1 శాతం రిబేటు ఉంటుంది. మూడు నెలలకు, నెలకు కట్టేవారికి ఏమీ లేదు. మూడు నెలల పద్ధతిలో ఏటా రూ.60,000 కడుతున్నవారు వార్షిక పద్ధతికి మారితే సుమారు రూ.1,200 తగ్గుతుంది. యాక్సిస్ కార్డు ఐదేళ్లలో ఇచ్చేది ఇక్కడ ఒక్క ఏడాదిలో వస్తోంది.

కానీ ఈ రూ.1,200 పూర్తిగా లాభం కాదు. మూడు, ఆరు, తొమ్మిది నెలల తర్వాత కట్టాల్సిన పదిహేను వేల వాయిదాలు మూడూ ముందే కట్టేస్తున్నారు. ఆ డబ్బు 2.5 శాతం వచ్చే సేవింగ్స్ ఖాతాలో ఉండి ఉంటే దాదాపు రూ.560 వడ్డీ వచ్చేది. అది తీసేస్తే మిగిలేది రూ.640. అదే డబ్బు 6.5 శాతం వచ్చే ఎఫ్‌డీలో ఉండి ఉంటే వడ్డీ రూ.1,460 దాటేది, అంటే వార్షిక పద్ధతికి మారితే రూ.260 నష్టం. కాబట్టి డబ్బు సేవింగ్స్ ఖాతాలోనే పడి ఉండే ఇళ్లకు వార్షిక పద్ధతి మేలు, గడువు చూసుకుని ఎఫ్‌డీలు వేసే అలవాటున్నవారికి కాదు. మొదటి రకం ఇళ్లే ఎక్కువ.

పద్ధతి మార్చుకోవాలంటే పాలసీ వార్షికోత్సవ తేదీకి ముందు సర్వీసింగ్ బ్రాంచిలో దరఖాస్తు ఇవ్వాలి. పాత రసీదు, పాలసీ నంబరు ఉంటే చాలు.

ఇంకో మార్పు కూడా లెక్కలోకి తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. అంతకుముందు టర్మ్, ఆరోగ్య పాలసీలపై 18 శాతం, ఎండోమెంట్ పాలసీలపై మొదటి ఏడాది 4.5 శాతం, తర్వాత 2.25 శాతం ఉండేది. పాత రసీదు చూసి పాయింట్లు లెక్కేస్తే కొంచెం ఎక్కువ వస్తుంది.

## వడ్డీ లేని రోజులు, వడ్డీ పడే రోజులు

కార్డుతో కట్టడంలో పాయింట్లు కాక రెండో లాభం గడువు. బిల్లు తేదీ 10 అయితే, 11న కట్టిన ప్రీమియం వచ్చే నెల 10న బిల్లులోకి ఎక్కుతుంది, ఆ నెలాఖరుకు కట్టాలి. అంటే దాదాపు 45 నుంచి 50 రోజులు మీ డబ్బు మీ దగ్గరే. ఆ అరవై వేలు 2.5 శాతం ఖాతాలో 45 రోజులు ఉంటే రూ.185 వడ్డీ. అదే 9న కట్టేస్తే మర్నాడే బిల్లులో ఎక్కి, మిగిలేది ఇరవై రోజులే. యాక్సిస్ కార్డు పాయింట్ల విలువ రూ.240తో పోలిస్తే ఇది చిన్నదేమీ కాదు, పైగా ఏ కార్డుతోనైనా వస్తుంది.

ఇప్పుడు ఎదురు లెక్క. ఆ నెల చేతిలో డబ్బు లేక కనీస మొత్తం మాత్రమే కట్టారనుకోండి. వడ్డీ మిగిలిన మొత్తంపై గడువు తేదీ నుంచి మొదలుకాదు, ప్రీమియం కట్టిన రోజు నుంచే పడుతుంది. నెలకు 3.5 శాతమే అనుకున్నా రూ.60,000పై ఒక నెలకు రూ.2,100, దానిపై జీఎస్టీ రూ.378, కలిపి రూ.2,478. పదేళ్ల పాయింట్లు ఒక్క నెలలో పోయాయి. అంతటితో ఆగదు: పాత బాకీ తీరేవరకు ఆ కార్డుతో కొత్తగా కొనే ప్రతిదానికీ మొదటి రోజు నుంచే వడ్డీ.

డబ్బు సర్దుబాటు కాని ఏడాది కార్డు గీకడం కన్నా ఎల్ఐసీ ఇచ్చే గడువును వాడుకోవడం మేలు. వార్షిక, అర్ధవార్షిక, త్రైమాసిక పద్ధతుల్లో గడువు తేదీ దాటాక 30 రోజులు, నెలవారీ పద్ధతిలో 15 రోజులు గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆ రోజుల్లో పాలసీ రక్షణ కొనసాగుతుంది. ఏదైనా జరిగితే బాకీ ప్రీమియం మినహాయించి క్లెయిమ్ ఇస్తారు.

పాలసీపై తీసుకున్న అప్పు తీర్చడానికి మాత్రం కార్డు పనికిరాదు. పాలసీ రుణాల వాయిదాలకు క్రెడిట్ కార్డు తీసుకోవద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2023 మే నెలలో జీవిత బీమా కంపెనీలన్నిటినీ ఆదేశించింది. ప్రీమియంకు, రుణానికి ఒకే కార్డు వాడి పాయింట్లు కూడబెట్టొచ్చన్న పాత సలహాలు ఇంకా చలామణిలో ఉన్నాయి, నమ్మొద్దు.

## కార్డుతో పాటు ఇచ్చే ఉచితాలకు ఎంత విలువ కట్టాలి

బీమా సంస్థ పేరున్న కార్డు కదా, అందులో ప్రమాద బీమా కూడా ఉంటుంది. దరఖాస్తు కాగితంలో 'ఐదు లక్షల కవర్' అన్న అక్షరాలే పెద్దగా కనిపిస్తాయి. దానికి వెల కట్టడం తేలిక. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో రూ.2 లక్షల ప్రమాద బీమాకు ఏడాదికి రూ.20. ఆ రేటున ఐదు లక్షలకు రూ.50. కార్డు కవర్‌కు షరతులు కూడా ఉంటాయి. ప్రమాదానికి ముందు నిర్ణీత రోజుల్లో కార్డును కనీసం ఒకసారైనా వాడి ఉండాలన్నది వాటిలో మామూలుగా కనిపించేది. ఏడాదికి ఒక్కసారి ప్రీమియంకే కార్డు తీసేవారికి మిగతా నెలల్లో ఆ కవర్ ఉన్నట్టు కాదు. ఇంట్లోవాళ్లకు ఆ కవర్ ఉందనే తెలియకపోతే క్లెయిమే వేయరు.

పెట్రోల్ బంకులో సర్‌ఛార్జి మాఫీ గురించి: కార్డుతో కడితే 1 శాతం సర్‌ఛార్జి వేసి, దాన్నే తిరిగి ఇస్తారు. సర్‌ఛార్జిపై పడిన జీఎస్టీ వెనక్కి రాదు. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐతో కడితే ఆ సర్‌ఛార్జే ఉండదు. దీన్ని లాభాల ఖాతాలో వేయొద్దు.

లాంజ్‌లు శంషాబాద్ నుంచో విశాఖ నుంచో తరచూ విమానం ఎక్కేవారికే. అదీ గత మూడు నెలల్లో ఇంత ఖర్చు చేసి ఉండాలన్న షరతు లేకపోతేనే.

## మీరు ఏ రకం?

జీతంలోంచి కట్ అయ్యేవారు. ఎస్ఎస్ఎస్, అంటే శాలరీ సేవింగ్స్ స్కీమ్‌లో ఉన్న ఉద్యోగులకు ప్రీమియం జీతం నుంచే వెళ్తుంది, కార్డుకు పనే లేదు. నాచ్ ద్వారా నెలనెలా కట్టేవారిదీ అదే పరిస్థితి.

ఏడాదికి రూ.30,000 లోపు కట్టేవారు. 0.4 శాతం లెక్కన వచ్చేది రూ.120. మార్చుకునే ఫీజు రూ.116.82 అయితే మిగిలేది మూడు రూపాయల చిల్లర. కొండను తవ్వి ఎలుకను పట్టడమే. యూపీఐతో కట్టేయండి.

లక్ష చుట్టుపక్కల కట్టేవారు, ఉన్న కార్డు బీమాకు ఏమీ ఇవ్వదు. ఎల్ఐసీ కార్డుకు సరిపోయే మనిషి వీరే. ఫీజు లేదు కాబట్టి రెండో కార్డుగా ఉంచుకోవచ్చు. ఆన్‌లైన్ కొనుగోళ్లు 5 శాతం కార్డుతో, ప్రీమియం దీనితో. వార్షిక ఖర్చు రూ.2 లక్షలు దాటితేనే రూ.999 ఫీజు మాఫీ చేసే ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ లాంటి కార్డు ఉన్నవారు మాత్రం ప్రీమియం ఆ ఖర్చులో లెక్కకొస్తుందేమో ముందు చూడాలి. వచ్చేట్టయితే, ఏడాది చివర ఇంకా లక్ష ఖర్చు మిగిలి ఉన్నప్పుడు ప్రీమియంను ఆ కార్డు మీదే వేయడం తెలివైన పని. పాయింట్లు సున్నా అయినా, జీఎస్టీతో కలిపి రూ.1,179 ఆదా.

త్వరలో ఇంటి రుణం తీసుకోబోయేవారు. కొత్త కార్డు దరఖాస్తు అంటే సిబిల్‌లో కొత్త ఎంక్వైరీ. పైగా లక్ష లిమిట్ ఉన్న కార్డుపై అరవై వేలు బిల్లులోకి ఎక్కితే లిమిట్‌లో 60 శాతం వాడినట్టు నమోదవుతుంది, స్కోరు తగ్గవచ్చు. ఉన్న కార్డుతోనే కట్టి, బిల్లు తేదీకి ముందే ఆ డబ్బు జమ చేసేయండి. వడ్డీ లేని రోజులు పోతాయి, స్కోరు నిలుస్తుంది.

అమ్మానాన్నల పాలసీ కట్టే పిల్లలు. పాయింట్లు మీకే వస్తాయి, పన్ను మినహాయింపు మాత్రం రాదు. పాత పన్ను విధానంలో 80సి కింద జీవిత బీమా ప్రీమియం మీది, జీవిత భాగస్వామిది, పిల్లలది అయితేనే చెల్లుతుంది, తల్లిదండ్రులది చెల్లదు. వారి ఆరోగ్య బీమాకైతే 80డి కింద మీరే మినహాయింపు పొందవచ్చు, కార్డుతో కట్టినా సరే. నగదుగా కడితేనే పోతుంది.

నెలనెలా కార్డు బాకీ కొంత మిగిల్చేవారు. ఏ కార్డూ వద్దు.

## కట్టేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుంది

2019 డిసెంబర్ 1 నుంచి ఎల్ఐసీ తన డిజిటల్ చెల్లింపుల్లో క్రెడిట్ కార్డుపై కన్వీనియెన్స్ ఫీజు తీసేసింది. అందువల్ల ఎల్ఐసీ వెబ్‌సైట్‌లో పే డైరెక్ట్ ద్వారా, లేదా ఎల్ఐసీ యాప్‌లో కట్టడమే మంచిది. వేరే చెల్లింపు యాప్‌ల ద్వారా కార్డుతో కడితే రెండు నష్టాలు ఉండొచ్చు. ఆ యాప్ తన ప్లాట్‌ఫామ్ ఫీజు వేయవచ్చు. రెండోది, బ్యాంకుకు చేరే వ్యాపార కోడ్ (ఖర్చు ఏ రకమో చెప్పే సంఖ్య) బీమాది కాకుండా బిల్లు చెల్లింపుది అయితే ఎల్ఐసీ అదనపు పాయింట్లు పడవు. బీమా ప్రీమియం కోడ్ సాధారణంగా 6300. పాయింట్లు పడలేదని బ్యాంకుకు ఫోన్ చేసినప్పుడు ఆ లావాదేవీ ఏ కోడ్‌తో నమోదైందని అడగండి, మాట త్వరగా తేలుతుంది.

ఎల్ఐసీ సైట్‌లో కట్టేటప్పుడు పాలసీ నంబరు, ప్రీమియం, పుట్టిన తేదీ, మొబైల్ నంబరు అడుగుతుంది. అక్కడ వేసే ప్రీమియం మొత్తం తాజా నోటీసులోది అయి ఉండాలి. ఓటీపీ తర్వాత పేజీ ఆగిపోయి, కార్డు నుంచి డబ్బు వెళ్లినట్టు మెసేజ్ వచ్చి, రసీదు రాకపోతే వెంటనే మళ్లీ కట్టొద్దు. రెండు మూడు పని దినాలు ఆగి పాలసీ స్టేటస్ చూడండి. తదుపరి గడువు తేదీ మారి ఉంటే చెల్లింపు చేరినట్టే. రెండుసార్లు కట్టేస్తే ఒకటి వెనక్కి రావడానికి బిల్లు తేదీ దాటిపోవచ్చు. గ్రేస్ పీరియడ్ ఆఖరి రోజున కార్డుతో ప్రయత్నించవద్దనేది ఇందుకే.

కార్డుపై ఆటో పే పెట్టుకుంటే, 2023 డిసెంబర్ నుంచి బీమా ప్రీమియంకు రూ.లక్ష వరకు ప్రతిసారీ ఓటీపీ లేకుండా వెళ్లే వీలుంది. దీని బలహీనత కార్డు గడువు తీరినప్పుడో, పోయి కొత్త నంబరుతో వచ్చినప్పుడో బయటపడుతుంది. కార్డు మారితే ఆ సూచన కొత్త కార్డుకు వచ్చిందో లేదో బ్యాంకు యాప్‌లో చూసుకోవాలి. బ్యాంకు ఖాతా నుంచి వెళ్లే నాచ్‌కు ఈ బెడద లేదు. దానికి ఉన్న చిక్కల్లా ఆ రోజు ఖాతాలో డబ్బు ఉండటం.

## తీసుకున్నాక వద్దనుకుంటే

ఏడాదికి ఒక్కసారే వాడే కార్డుకు రిజర్వ్ బ్యాంకు నిబంధన ఒకటి అడ్డొస్తుంది. ఏడాది మించి వాడని కార్డును, ముందుగా తెలిపి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకు మూసేయవచ్చు. గత ఏడాది గడువుకు ముందు, ఈ ఏడాది గ్రేస్ పీరియడ్‌లో ప్రీమియం కట్టినా మధ్యలో ఏడాది దాటిపోతుంది. నడుమ ఒక చిన్న రీఛార్జి అయినా ఆ కార్డుతో చేస్తే సరి.

మీరే మూసేయాలనుకుంటే వరుస ముఖ్యం. ముందు పాయింట్లు వాడేసుకోవాలి, తర్వాత ఆటో పే సూచనలు వేరే ఖాతాకు మార్చాలి, బాకీ సున్నా చేయాలి, ఆ తర్వాతే మూసివేత కోరాలి. బాకీ లేకపోతే బ్యాంకు ఏడు పని దినాల్లో కార్డు మూసేయాలి. ఆలస్యం చేస్తే, మూసే వరకు రోజుకు రూ.500 చొప్పున మీకు చెల్లించాలి. ఏజెంటుకు నోటిమాటగా చెప్పడం లెక్కలోకి రాదు. బ్యాంకు హెల్ప్‌లైన్, యాప్, ఈమెయిల్ ఏదో ఒకదాని ద్వారా అడిగి, వచ్చిన రిఫరెన్స్ నంబరు, తేదీ దాచుకోండి. ఆ రోజుకు ఐదు వందలు అడగాలంటే చూపించాల్సింది ఆ తేదీనే.